రోశయ్య గారిని ‘దొడ్డిదారి నాయకుడు’ అనొచ్చా? చట్టసభల్లో ఆయన అన్నేళ్ళు ఎలా నిలబడ్డారు?

కందుకూరు నుంచి డిగ్రీ చదివే అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. పొలిటికల్ సైన్స్ ప్రాజెక్టుకు మాజీ ముఖ్యమంత్రి కొణిజేటి రోశయ్య గారిని తీసుకున్నాడట. నలభై ఏళ్ళు చట్టసభల్లో ఉన్నారని అందరూ చెబుతారు, కానీ ప్రజల ఓట్లతో నేరుగా గెలిచింది చాలా తక్కువని స్నేహితులు వాదిస్తున్నారట. ఆయన్ని దొడ్డిదారి నాయకుడు అనొచ్చా, సొంత బలం లేకుండా అన్నేళ్ళు ఎలా నిలబడ్డారు అని అడుగుతున్నాడు.

నేను నెల్లూరులో విలేకరిగా మొదలుపెట్టాను. తర్వాత ఒంగోలు, ఆపైన హైదరాబాద్. అక్కడ చాలాకాలం అసెంబ్లీ, మండలి వార్తలు రాశాను. రోశయ్య గారి బడ్జెట్లు, వాటి మీద చర్చలు ప్రెస్ గ్యాలరీలో కూర్చుని విన్నవాణ్ని కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు సూటిగా జవాబు. నేరుగా ప్రజల ఓట్లతో గెలిచింది మూడుసార్లు. చీరాల అసెంబ్లీ నుంచి 1989లో, 2004లో. నరసరావుపేట లోక్‌సభకు 1998లో. మిగతాదంతా శాసనమండలే: 1968, 1974, 1980, చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ 2009. అంటే లెక్క విషయంలో మీ స్నేహితుల మాట నిజం. కానీ దొడ్డిదారి అనే మాట మాత్రం చెల్లదు. మండలి రాజ్యాంగం పెట్టిన సభ. అందులోకి రావడం దొంగతనం కాదు. ఇక ఎలా నిలబడ్డారంటారా, ఏ ముఖ్యమంత్రికైనా లెక్క తెలిసినవాడు, సభలో లేచి నిలబడి జవాబు చెప్పగలిగినవాడు ఒకరు కావాలి. చెన్నారెడ్డి, అంజయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి, నేదురుమల్లి జనార్దనరెడ్డి, రాజశేఖరరెడ్డి, వీళ్ళందరి మంత్రివర్గాల్లోనూ ఆయన పనిచేశారు. వీళ్ళలో ఒకరికొకరు పడని వాళ్ళున్నారు. అయినా ఒకరు పోయి ఇంకొకరు వచ్చినప్పుడల్లా రోశయ్య గారికి పిలుపు వచ్చింది. మీ ప్రాజెక్టుకు అసలు విషయం అక్కడుంది.

ఆ సొంత బలం లేకపోవడమే తర్వాత ముఖ్యమంత్రి అయినప్పుడు ఇబ్బందిగా మారింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

పుట్టుక, చదువు త్వరగా చెప్పేస్తాను, ఇవి ఎక్కడైనా దొరుకుతాయి. 1933 జులై 4న వేమూరులో పుట్టారు. అప్పుడది గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. గుంటూరు హిందూ కళాశాలలో కామర్స్ చదివారు. రాజకీయాలు నేర్చుకున్నది రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి.రంగా గారి దగ్గర, నిడుబ్రోలులో. మండలిలో అడుగుపెట్టేటప్పటికి ముప్పై అయిదేళ్ళ వయసు. మొదటిసారి మంత్రి అయింది 1979లో, చెన్నారెడ్డి గారి ప్రభుత్వంలో. రోడ్లు భవనాలు, హౌసింగ్, రవాణా లాంటి శాఖలు చూశారు. అంటే సభలో పదేళ్ళు మామూలు సభ్యుడిగా కూర్చున్నాకే మంత్రి పదవి వచ్చింది. ఈ పదేళ్ళను మీ ప్రాజెక్టులో దాటేయకండి. ప్రశ్న ఎలా వేయాలి, అనుబంధ ప్రశ్న ఎక్కడ లేపాలి, పాయింట్ ఆఫ్ ఆర్డర్ (సభ నియమం తప్పిందని లేవనెత్తే అభ్యంతరం) ఎప్పుడు నిలుస్తుంది, ఎప్పుడు నిలవదు, ఇవన్నీ వెనక బెంచీల్లో కూర్చున్నప్పుడే ఒంటబడతాయి. ఈ రోజుల్లో మొదటిసారి గెలిచి నేరుగా మంత్రి అయిన వాళ్ళను చూడండి. పక్కన అధికారి చీటీ రాసి అందిస్తే తప్ప జవాబు రాదు.

ఇప్పుడు మండలి సంగతి. రాజ్యాంగం 171వ అధికరణ ప్రకారం మండలిలో మూడో వంతు సభ్యులను స్థానిక సంస్థల ప్రతినిధులు, మూడో వంతును ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. పన్నెండో వంతు పట్టభద్రులు, ఇంకో పన్నెండో వంతు టీచర్లు. మిగిలిన ఆరో వంతు మందిని గవర్నర్ నామినేట్ చేస్తారు. మన నెల్లూరు, ప్రకాశం వాళ్ళకు ఇది కొత్త కాదు. చిత్తూరుతో కలిపి పట్టభద్రుల సీటు, టీచర్ల సీటు ఉన్నాయిగా, టీచర్ల ఎమ్మెల్సీ ఎన్నిక వస్తే మన ఊళ్ళ బళ్ళలో ఎంత హడావుడి ఉంటుందో మీరూ చూసే ఉంటారు. దాన్ని దొడ్డిదారి అని ఏ పంతులు గారి ముందైనా అని చూడండి.

రోశయ్య గారి రాజకీయ జీవితానికీ, మండలి చరిత్రకూ ముడి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో మండలి 1958లో మొదలైంది. ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం 1985లో దాన్ని రద్దు చేయించింది. 1968 నుంచి రోశయ్య గారు ఉన్న సభ అలా ఉన్నట్టుండి లేకుండా పోయింది. అప్పటికి ఆయనకు దాదాపు యాభై రెండేళ్ళు. చాలామంది మండలి పెద్దల రాజకీయ జీవితం అక్కడితో ముగిసింది. ఈయన మాత్రం 1989లో చీరాల నుంచి పోటీ చేసి గెలిచారు. నేరుగా జనం దగ్గరికి వెళ్ళి గెలవగలనని అక్కడ చూపించారు. అందుకే ‘ఎన్నికలంటే భయపడే మనిషి’ అనే వాదన నిలవదు. మండలి 2007లో మళ్ళీ వచ్చింది. 2009లో ఆయన అసెంబ్లీకి పోటీ చేయలేదు, మండలికి వెళ్ళారు. అప్పటికి వయసు డెబ్భై అయిదు దాటింది.

చీరాల గురించి రెండు మాటలు. చీరాల, వేటపాలెం మండలాలతో చిన్న నియోజకవర్గం. కానీ తేలిక సీటు కాదు. జాండ్రపేట, పేరాల వైపు మగ్గాల మీద బతికే కుటుంబాలు, పట్టణంలో బట్టల వ్యాపారం, వాడరేవు వైపు మత్స్యకారులు, పొగాకు కంపెనీ మీద ఆధారపడిన కార్మికులు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు మునిసిపాలిటీ పన్నులకు వ్యతిరేకంగా ఊరినే ఖాళీ చేయించిన చోటు అది. రోశయ్య గారిది ఆర్యవైశ్య సామాజికవర్గం. తల లెక్కన చూస్తే రాష్ట్రంలో ఎక్కడా ఒక సీటును సొంతంగా గెలిపించే సంఖ్య కాదు. మన జిల్లాల్లో టికెట్ దగ్గర ఈ లెక్క ఎంత పనిచేస్తుందో తెలియనిది కాదు. ఆ లెక్కలో బలం లేని మనిషికి రెండే దారులు: డబ్బు, లేకపోతే పనికొచ్చే పనితనం. ఆయన రెండోదాన్ని పట్టుకున్నారు.

ఆర్థిక మంత్రి నియోజకవర్గంలో ఒక ఫిర్యాదు తప్పదు, అది ఎవరికైనా ఉండేదే. ‘మా ఎమ్మెల్యే ఎప్పుడూ హైదరాబాద్‌లోనే’ అని. శాఖ అలాంటిది. బడ్జెట్ సమావేశాలకు నెలల ముందు నుంచే ఒక్కో శాఖతో కూర్చోవాలి. మీ స్నేహితులు చెప్పే ‘జనంలో లేడు’ అనే మాటలో ఆ మేరకు పస ఉంది. వారానికి నాలుగు పెళ్ళిళ్ళు, రెండు పరామర్శలు తిరిగే ఎమ్మెల్యే పద్ధతి వేరు, ఈయన పద్ధతి వేరు.

ఇక పనితనం దగ్గరికి వస్తే, ఆర్థిక మంత్రిగా డజనుకు పైగా బడ్జెట్లు పెట్టిన మనిషి. ఈ సంఖ్యను అందరూ రాస్తారు, అందులో ఏముందో ఎవరూ రాయరు. బడ్జెట్ పెట్టడం అంటే పెట్టె పట్టుకుని ఫోటో దిగి ప్రసంగం చదవడం కాదు. ప్రసంగం తర్వాతే అసలు పని. సాధారణ చర్చ, దానికి జవాబు. తర్వాత ఒక్కో శాఖ పద్దు (ఆ శాఖ అడిగే డబ్బు) మీద చర్చ, దాన్ని తగ్గించాలంటూ ప్రతిపక్షం పెట్టే కోత తీర్మానాలు. సమయం చాలకపోతే మిగిలిన పద్దులన్నీ చివరి రోజు గిలెటిన్, అంటే చర్చ లేకుండా ఒకేసారి ఓటుకు. ఆపైన ద్రవ్య వినిమయ బిల్లు. అది పాసైతేనే ఖజానా నుంచి రూపాయి బయటికి కదులుతుంది. ఈ మధ్యలో ఎక్కడైనా ప్రతిపక్షం ఒక అంకె పట్టుకుని లేస్తే, ఆ క్షణంలోనే జవాబు చెప్పాలి. ‘తెలుసుకుని చెబుతాను’ అని ఒకసారి అనొచ్చు, రెండోసారి అంటే సభ చేజారిపోతుంది.

రోశయ్య గారు లేచారంటే గ్యాలరీలో మేమందరం పెన్నులు తీసేవాళ్ళం. పంచెకట్టు, భుజాన కండువా, గొంతు పెంచకుండా, గుంటూరు యాసలో నెమ్మదిగా మొదలుపెట్టేవారు. వ్యంగ్యం ఉండేది, గట్టిగానే తగిలేది. ఆ క్లిప్పులు ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతున్నాయి. మీరు వాటినే చూసి ఆగిపోకండి. ఆ చురకకు ముందు, తర్వాత ఆయన చెప్పిన లెక్క ఏమిటో చూడండి. పాత ప్రభుత్వం ఏ సంవత్సరం ఏ పద్దు కింద ఎంత చూపింది, ఎంత ఖర్చుపెట్టింది అనేది ఆయనకు కంఠస్థం. ఎదుటివాళ్ళు వెనక్కి తగ్గేది ఆ లెక్క చూసి.

ఎమ్మెల్యేలకు ఆయన ఎందుకు కావాలో కూడా అర్థం చేసుకోండి. ఒక ఎమ్మెల్యే తన ఊరికి వంతెన శాంక్షన్ చేయించుకున్నాడనుకోండి. జీవో వచ్చింది, శంకుస్థాపన అయింది. కానీ ఆర్థిక శాఖ బడ్జెట్ రిలీజ్ ఆర్డర్ ఇవ్వకపోతే కాంట్రాక్టర్ బిల్లు ఖజానాలో పడుంటుంది, పని ఆగిపోతుంది. సోమశిల కాలవలైనా, వెలిగొండ సొరంగమైనా, మీ ఊరి తాగునీటి పథకమైనా ఆ గుమ్మం దాటాల్సిందే. అందుకని పార్టీలో ఎవరి వర్గం వాళ్ళదైనా, అందరి ఉత్తరాలూ చివరికి ఆర్థిక మంత్రి టేబుల్ మీదకే చేరతాయి. సొంత వర్గం లేని మనిషికి ఇదే పెద్ద బలం. ఆయన ఫలానా వర్గానికి మేలు చేస్తాడనే అనుమానం ఏ ముఖ్యమంత్రికీ రాదు. తన కుర్చీకి పోటీ వస్తాడనే భయమూ ఉండదు. ఖజానా తాళం ఎవరి చేతికివ్వాలి అని ఆలోచించే ముఖ్యమంత్రికి ఇంతకన్నా ఏం కావాలి?

నేను దగ్గరగా చూసిన ఒక ఘట్టం చెబుతాను. మన జిల్లాదే, ఆర్థిక మంత్రి ఉద్యోగంలో ఉన్న ఇరకాటం మొత్తం ఇందులో ఉంది.

1991, 92 నాటి సారా వ్యతిరేక ఉద్యమం. నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు వాళ్ళు, ముందు నిలబడింది దూబగుంట రోశమ్మ గారు. ఆ కథ పక్క ఊళ్ళకు పాకింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని ఊరి పొలిమేరలో కాపలా కాసేవాళ్ళు. సారా వేలంపాటలు పెడితే అక్కడికీ గుంపులుగా వచ్చేవాళ్ళు. 1992లో నెల్లూరు వేలం మళ్ళీ మళ్ళీ వాయిదా పడింది. నేను కొత్త విలేకరిని. పొద్దున్నే వేలంపాట దగ్గరికి వెళితే, పాట పాడాల్సిన కాంట్రాక్టర్లు కార్లలోనే కూర్చుని ఉండేవాళ్ళు, బయట రోడ్డంతా ఆడవాళ్ళు. మధ్యాహ్నం దాకా చూసి అధికారులు వాయిదా అని చెప్పేవాళ్ళు. అప్పటి ముఖ్యమంత్రి మన వాకాడు నేదురుమల్లి జనార్దనరెడ్డి గారు. ఆర్థిక మంత్రి రోశయ్య గారు. 1992 అక్టోబరులో నేదురుమల్లి దిగి కోట్ల విజయభాస్కరరెడ్డి గారు వచ్చారు. ఆర్థిక శాఖ రోశయ్య గారి దగ్గరే ఉంది.

ఇప్పుడు ఆర్థిక మంత్రి కుర్చీలో కూర్చుని చూడండి. బడ్జెట్‌లో ఎక్సైజ్ ఆదాయం అని ఒక పెద్ద అంకె రాసి పెట్టారు. ఆ అంకె మీద ఆధారపడే జీతాలు, బియ్యం సబ్సిడీ, కాలవ పనులు రాసుకున్నారు. దూబగుంట ఆడవాళ్ళు ఆ అంకెనే కొట్టేశారు. వాళ్ళు చెప్పేది నూటికి నూరుపాళ్ళు న్యాయం, మొగుడి కూలి డబ్బులు కొట్టులో పోతుంటే పిల్లలకు కూడు లేదు. ఇటు లోటు ఎక్కడినుంచి పూడ్చాలో ఎవరూ చెప్పరు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో సారా నిషేధించారు. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా. బ్రాందీ, విస్కీ లాంటి విదేశీ రకం మద్యం మాత్రం అలాగే ఉంచారు. ఆదాయం పూర్తిగా వదులుకోవడానికి ఆ ప్రభుత్వం సిద్ధపడలేదని దాని అర్థం. నా అభిప్రాయంలో అది ఆలస్యంగా వచ్చిన నిర్ణయం, సగం నిర్ణయం. 1994 ఎన్నికల్లో రామారావు గారు సంపూర్ణ మద్యనిషేధం అన్నారు. కాంగ్రెస్ 26 సీట్లకు పడిపోయింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి. కానీ నెల్లూరు ఆడవాళ్ళ మాట సకాలంలో వినకపోవడం వాటిలో ఒకటి. రోశయ్య గారి మీద గౌరవంతో ఈ విషయం దాచాల్సిన పని లేదు. లెక్క బాగా తెలిసిన మనిషికి లెక్క అవతల ఉన్నది ఒక్కోసారి ఆలస్యంగా కనిపిస్తుంది.

ఆ ఓటమి తర్వాత కొంతకాలం రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉన్నారు. ఓడిపోయిన పార్టీకి అధ్యక్షుడంటే ఎంత కష్టమో పార్టీ ఆఫీసుల చుట్టూ తిరిగిన మాకు తెలుసు, గాంధీభవన్‌లో కుర్చీలు ఖాళీగా ఉండేవి. 1998లో నరసరావుపేట ఎంపీ. ఆ లోక్‌సభ ఏడాదికే రద్దయింది. 1999లో అదే సీటు నుంచి నేదురుమల్లి గెలిచారు.

2004 నుంచి రెండో దశ. చీరాల ఎమ్మెల్యే, వైఎస్ రాజశేఖరరెడ్డి గారి ఆర్థిక మంత్రి. ఈ కాలం మీద మీరు ఎక్కువ పేజీలు పెట్టుకోండి. ముఖ్యమంత్రి మొదటి సంతకం రైతులకు ఉచిత కరెంటు. తర్వాత జలయజ్ఞం, ఆరోగ్యశ్రీ, ఫీజు రీయింబర్స్‌మెంట్, రెండు రూపాయల కిలో బియ్యం. జనం గుర్తుపెట్టుకున్నది వైఎస్ పేరు, అది సహజం. ఒక్కోదానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చూపించాల్సింది మాత్రం రోశయ్య గారు. 2005 ఏప్రిల్ 1న అమ్మకం పన్ను స్థానంలో వ్యాట్ (విలువ ఆధారిత పన్ను) వచ్చింది. దేశమంతా వ్యాపారులు బంద్‌లు చేస్తున్న రోజులవి. ఒంగోలు, నెల్లూరు బజార్లలోనూ భయం ఉండేది, బిల్లు పుస్తకాలు, టిన్ నంబర్లు, రిటర్నులు అంటూ. వ్యాపార కుటుంబాల మనిషే అప్పుడు ఆర్థిక మంత్రి. తన వాళ్ళ కోసం దాన్ని పక్కన పెట్టలేదు. అదే ఏడాది ఆర్థిక బాధ్యత చట్టం కూడా వచ్చింది, ద్రవ్యలోటును రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతానికి మించనివ్వకూడదని. 2008-09 బడ్జెట్ లక్ష కోట్ల రూపాయలు దాటింది. ఆ రోజు గ్యాలరీలో అందరం ముందు ఆ అంకెనే రాసుకున్నాం.

విమర్శ కూడా రాయండి. హైదరాబాద్ చుట్టుపక్కల ప్రభుత్వ భూముల్ని వేలం వేసి ఆ డబ్బును బడ్జెట్‌లో చూపించారు. భూమి ఒక్కసారే అమ్ముడుపోతుంది, ఖర్చు ఏటా ఉంటుంది. నీటి ప్రాజెక్టులకు వేల కోట్లు ఖర్చు రాశారు. వాటిలో మన వెలిగొండ ఎంత కాలం సాగిందో మార్కాపురం, కనిగిరి వైపు వాళ్ళను అడగండి. నీళ్ళ కోసం పోరాడిన కమ్యూనిస్టు శాసనసభ్యుడు పూల సుబ్బయ్య గారి పేరు దానికి పెట్టారు. పేరు పెట్టినంత త్వరగా నీళ్ళు రాలేదు. ఈ పాపంలో అన్ని ప్రభుత్వాలకూ వాటా ఉంది, ఆర్థిక మంత్రులకూ ఉంది.

మీ ప్రాజెక్టుకు బాగా పనికొచ్చే ఒక చిన్న విషయం. 2009లో ఆయన ఎమ్మెల్సీ. మరి అసెంబ్లీలో బడ్జెట్ ఎలా పెట్టారు? రాజ్యాంగం 177వ అధికరణ ప్రకారం మంత్రి ఏ సభకు చెందినా రెండు సభల్లోనూ మాట్లాడొచ్చు. ఓటు మాత్రం తన సభలోనే. అంటే ఆయన అసెంబ్లీలో బడ్జెట్ పెడతారు, చర్చకు జవాబు చెబుతారు, పద్దులు ఆమోదించమని అడుగుతారు. కానీ ఆ పద్దుల మీద ఓటింగ్ జరిగితే ఆయనకు ఓటు ఉండదు. మండలికి పద్దుల మీద ఓటు హక్కే లేదు. ద్రవ్య బిల్లును పద్నాలుగు రోజులకు మించి ఆపలేదు. మండలి నుంచి వచ్చిన ఆర్థిక మంత్రికి, డబ్బు మీద అధికారం ఉన్న సభను ఒప్పించడానికి మాట ఒక్కటే ఆధారం. ‘దొడ్డిదారి’ అనే వాళ్ళకు ఈ ఒక్క అధికరణ చదివి వినిపించండి.

ఇప్పుడు ముఖ్యమంత్రి పదవి. 2009 సెప్టెంబరు 2న హెలికాప్టర్ ప్రమాదంలో వైఎస్ చనిపోయారు. 3న రోశయ్య గారు ప్రమాణం చేశారు. కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో చాలా ఎక్కువమంది జగన్మోహనరెడ్డి గారిని ముఖ్యమంత్రిని చేయాలని సంతకాలు పెట్టారు. పాత మంత్రివర్గాన్నే అలాగే ఉంచుకుని ఈయన పని మొదలుపెట్టారు. ఒక నెల తిరిగేసరికి కర్నూలు వరదలు. నవంబరు చివర్లో కేసీఆర్ గారి దీక్ష, డిసెంబరు 9న కేంద్ర హోంమంత్రి తెలంగాణ ప్రకటన, దాంతో సీమ, కోస్తా ఎమ్మెల్యేల రాజీనామాలు. 2010 మేలో లైలా తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఒంగోలు వీధుల్లో నీళ్ళు నిలిచాయి, మన జిల్లాలో పొలాలు, చెరువులు దెబ్బతిన్నాయి.

ఇలాంటి సమయంలో ముఖ్యమంత్రి వెనక కనీసం ముప్పై నలభై మంది ఎమ్మెల్యేలు ‘మా నాయకుడు’ అని నిలబడాలి. రోశయ్య గారికి అలాంటివాళ్ళు లేరు. ఇన్నేళ్ళూ ఆయన్ని కాపాడింది వర్గం లేకపోవడమే. ముఖ్యమంత్రి కుర్చీలో మాత్రం అది లేకపోతే కుదరదు. మంత్రులు ఎవరి దారి వారు మాట్లాడారు. ఢిల్లీ మాట వినాలి, ఇక్కడ ఇరు ప్రాంతాల ఎమ్మెల్యేలనూ బుజ్జగించాలి. నన్నడిగితే ఆయన అసమర్థుడు కాదు, ఆ కుర్చీకి కావలసిన బలం ఆయన ఎప్పుడూ కూడబెట్టుకోలేదు. వయసు, ఆరోగ్యం కారణంగా చెప్పి 2010 నవంబరు 24న రాజీనామా చేశారు. గొడవ చేయలేదు, పార్టీ మారలేదు. 2011 ఆగస్టు నుంచి అయిదేళ్ళు తమిళనాడు గవర్నర్. 2021 డిసెంబరు 4న కన్నుమూశారు.

పోల్చి చూడాలంటే మన నెల్లూరు వైపే చూడండి. రోశయ్య గారి తర్వాత, కిరణ్ కుమార్ రెడ్డి గారి ప్రభుత్వంలో ఆర్థిక శాఖ ఆనం రామనారాయణరెడ్డి గారికి వచ్చింది. ఆయన దారి పూర్తిగా వేరు. 1983లో నెల్లూరు, 1985లో రాపూరు తెలుగుదేశం తరఫున. 1999, 2004లో రాపూరు, 2009లో ఆత్మకూరు కాంగ్రెస్ తరఫున. 2019లో వెంకటగిరి వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి, 2024లో మళ్ళీ ఆత్మకూరు తెలుగుదేశం నుంచి. నాలుగు నియోజకవర్గాలు, మూడు పార్టీలు, అన్నీ జనం ఓటే. వెనక ఆనం కుటుంబానికి నెల్లూరులో తరాల నాటి పలుకుబడి, మండల మండలానా మనుషులు. ఎమ్మెల్యేగా దీర్ఘకాలం ఉండటానికి మన జిల్లాల్లో ఎక్కువ కనిపించేది ఈ దారే. రోశయ్య గారిది అరుదైన దారి. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక అధ్యాయం రాస్తే మీ ప్రాజెక్టుకు బరువు వస్తుంది. ఏది గొప్ప అని తేల్చకండి, ఒక్కో దారికి ఏం కావాలి, ఏం పోతుంది అని రాయండి.

‘ఈ రోజుల్లో రోశయ్య లాంటి వాళ్ళు రాగలరా’ అని ఎలాగూ మీ గైడ్ అడుగుతారు. కష్టం అనే చెబుతాను. సభ జరిగే రోజులే తగ్గిపోయాయి. పద్దుల మీద చర్చ తగ్గి గిలెటిన్‌కు పోయేవి పెరిగాయి. సభలో చెప్పే జవాబుకు విలువ లేనప్పుడు, జవాబు చెప్పగలిగేవాడి అవసరమూ పార్టీలకు ఉండదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

చివరిగా ఎక్కడ వెతకాలో చెబుతాను. ఎన్నికల ఫలితాలకు వికీపీడియా మీద ఆధారపడకండి, ఎన్నికల సంఘం ప్రతి ఎన్నికకూ గణాంక నివేదిక ఇస్తుంది, అందులో నియోజకవర్గం వారీగా ఓట్లు ఉంటాయి. పాత పత్రికలకు వేటపాలెం సారస్వత నికేతనం. 1918 నాటి గ్రంథాలయం, కందుకూరు నుంచి పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. శాసనసభ చర్చల సంపుటాల్లో మొదట 1992, 93 బడ్జెట్ చర్చలు తీయండి, సారా వ్యవహారం కోసం. తర్వాత 2005 వ్యాట్, ఆ తర్వాత 2009 బడ్జెట్. బడ్జెట్ పుస్తకాలు చూసేటప్పుడు అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు మూడూ పక్కపక్కన రాసుకోండి. ఆ ఏడాది అంచనా ఒక్కటే చూసి ‘ఇంత కేటాయించారు’ అని రాయడం మా విలేకరులే చేసే పొరపాటు. రెండేళ్ళ తర్వాతి పుస్తకంలో వాస్తవ ఖర్చు దొరుకుతుంది.

జిల్లా పేర్ల దగ్గర కూడా జాగ్రత్త. చీరాల 1970 దాకా గుంటూరు జిల్లా, 1970 నుంచి 2022 దాకా ప్రకాశం, ఇప్పుడు బాపట్ల. రోశయ్య గారు గెలిచిన రెండు అసెంబ్లీ ఎన్నికలూ ప్రకాశం కింద ఉంటాయి. మీ కందుకూరు కూడా అదే 2022లో ప్రకాశం నుంచి నెల్లూరులోకి వెళ్ళింది కాబట్టి 1970 నుంచి 2022 దాకా ఉన్న ఫలితాలు నెల్లూరులో వెతికితే దొరకవు.